టైరు కూడా గాజు లాంటిదే

తెల్లవారుజామున అయిదు గంటలయింది. పాలు పిండడం అయిపోయింది. క్యాను నిండింది. సైకిలు బయటికి తీస్తే వెనక చక్రం నేలకు అతుక్కుపోయి ఉంది. చుక్క గాలి లేదు. పాలకేంద్రం 3 కిలోమీటర్ల దూరం. 7 గంటలు దాటితే అక్కడ పాలు తీసుకోరు. సైకిలు షాపు 9 గంటలకు గాని తెరవరు.

ఇలాంటి పొద్దు చాలామంది ఆడవాళ్ళకు ఎదురయ్యేదే. పాలు పోసేవాళ్ళు, కూరగాయలు అమ్ముకునేవాళ్ళు, పిల్లను పక్క ఊరి హైస్కూలుకు పంపేవాళ్ళు, అందరికీ ఇది తెలుసు.

ఒక ఊళ్ళో ఇలాంటి పొద్దునే ఒకామె కొడుకు స్క్రూడ్రైవరు తెచ్చాడు. టైరు కింద దూర్చాడు. సుత్తితో కొట్టాడు. టైరు ఊడింది. కాని రిమ్ము అంచు రెండు చోట్ల నొక్కుకుపోయింది. ట్యూబుకు ముల్లు పెట్టిన చిల్లి ఒకటి. స్క్రూడ్రైవరు పెట్టినవి మరో రెండు. ఆ రోజు పాలు కేంద్రానికి పోనేలేదు. ఆ తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా చక్రం "టక్కు టక్కు" మని పట్టుకునేది. చివరికి రిమ్మే మార్చాల్సి వచ్చింది. ముల్లు చేసిన నష్టం కంటే స్క్రూడ్రైవరు చేసిన నష్టం ఎక్కువ.

ఆ రిమ్ము మార్చింది ఊరి చివరి సైకిలు షాపులో భర్తతో పాటు పని చేసే పెద్దామె. నొక్కులు చూడగానే అడిగింది.

"టైరు విప్పింది ఎవరే అమ్మాయ్?"

"మావాడే పిన్నీ. బలమంతా పెట్టి లాగాడు."

"దీనికి బలం ఎందుకే? నువ్వు గాజులు ఎట్లా వేయించుకుంటావు?"

పాలు పోసే ఆమెకు మొదట నవ్వొచ్చింది. గాజులకూ టైరుకూ ఏమిటి సంబంధం? కాని సంబంధం ఉంది.

గాజు సాగదు. బలవంతంగా నెడితే పగులుతుంది. అందుకని గాజులమ్మే ఆమె ఏం చేస్తుంది? బొటనవేలిని అరచేతిలోకి మడుస్తుంది. చేతిని ఇరుకు చేస్తుంది. కాస్త సబ్బునీళ్ళు రాస్తుంది. గాజు జారి మణికట్టుకు చేరుతుంది. గాజును పెద్దది చెయ్యలేదు. చేతిని చిన్నది చేసింది. అంతే.

టైరు రబ్బరే కదా, లాగితే సాగుతుంది అనుకుంటారు చాలామంది. రబ్బరు సాగుతుంది నిజమే. కాని టైరు రెండు అంచుల్లోనూ ఉక్కు తీగ చుట్టి ఉంటుంది. పైకి కనిపించదు. చేత్తో తడిమితే గట్టిగా తగులుతుంది. ఆ తీగే టైరును రిమ్ముకు పట్టి ఉంచుతుంది. అది సాగదు. ఎంతటి మొనగాడు లాగినా సాగదు. లాగితే వంగేది రిమ్ము, చిరిగేది ట్యూబు.

మరి టైరు ఎట్లా ఎక్కాలి? టైరు లేని రిమ్మును ఒకసారి దగ్గరగా చూస్తే తెలుస్తుంది. అటూ ఇటూ రెండు గట్లు ఉంటాయి. మధ్యలో పొలం కాలవలాగా పల్లం ఉంటుంది. గట్ల మీద చుట్టుకొలత ఎక్కువ. పల్లంలో చుట్టుకొలత తక్కువ. ఒక వైపు తీగను ఆ పల్లంలోకి తోస్తే, ఎదురు వైపు తీగ వదులవుతుంది. ఆ వదులులోనే టైరు గట్టు దాటాలి. బొటనవేలు మడవడమూ పల్లంలోకి తొయ్యడమూ ఒకటే పని.

ఇప్పుడు ఇంత సులువుగా ఉంది గాని, మొదట్లో ఇట్లా ఉండేది కాదు. సైకిళ్ళకు గాలి టైరు వాడుకలోకి తెచ్చినవాడు డన్‌లప్ అనే ఆయన. ఆయన మెకానిక్కు కాదు, పశువుల డాక్టరు. ఐర్లండు దేశంలో బెల్ఫాస్టు ఊళ్ళో ఉండేవాడు. తన కొడుకు మూడు చక్రాల బండి రాళ్ళ దారి మీద ఎగిరెగిరి పడుతోందని 1888లో గాలి నింపిన రబ్బరు గొట్టం చేసి చక్రానికి చుట్టాడు. బాగానే నడిచింది. కాని ఆ రోజుల్లో టైరును చక్రానికి జిగురు పెట్టి అతికించేవారు. పంచరు పడితే ఊడదియ్యడానికి, మళ్ళీ అతికించడానికి, అది ఆరడానికి గంటలకు గంటలు పట్టేది. 1891లో ఫ్రాన్సు దేశంలో మిషెలిన్ అనే అన్నదమ్ములు విప్పి మళ్ళీ ఎక్కించుకోగల టైరు తయారు చేశారు.

పనిలోకి దిగే ముందు ఒక సంగతి చూసుకోవాలి. గాలి పోయిందంటే పంచరే కానక్కరలేదు. చాలా సార్లు వాల్వు లోపలి చిన్న రబ్బరు గొట్టం చిరిగి ఉంటుంది. దాన్నే వాల్‌ట్యూబు అంటారు. గాలి కొట్టి, చిన్న గిన్నెలో నీళ్ళు పోసి వాల్వు మునిగేలా పట్టాలి. బుడగలు వస్తే తప్పు అక్కడే. వాల్‌ట్యూబు మారిస్తే చాలు, టైరును ముట్టుకునే పనే లేదు. ఇది చూడకుండా టైరంతా విప్పుకుని కూచున్నవాళ్ళు ఎందరో!

పంచరే అని తేలితే కావలసినవి ఎక్కువేమీ కాదు. రెండు టైరు లివర్లు, ఒక పంపు, సొల్యూషను, ప్యాచి, గరుకు కాగితం, బేసినులో నీళ్ళు, కాస్త సబ్బు. లివరు అంటే చెంచా కాడలా చదునుగా, కొన గుండ్రంగా ఉండే ఇనప పట్టీ. దాని అంచు నున్నగా ఉండాలి. అవి లేనప్పుడు దొడ్డు స్టీలు చెంచాల కాడలు వాడినా పని నడుస్తుంది. కాడ వంగితే వంగుతుంది, రిమ్ము వంగకుండా ఉంటే చాలు. స్క్రూడ్రైవరు, కొడవలి, కత్తిపీట దగ్గరికి తేకూడదు. వాటి కొనలో ఉన్న బలమంతా ఒక్క చోటే పడుతుంది. రిమ్ము అంచు నొక్కుకుంటుంది. పైన మెరిసే పూత లేచిపోతుంది. పూత లేచిన చోట తుప్పు పడుతుంది. ఆ గరుకు అంచు మళ్ళీ టైరును కోస్తుంది.

పంచరు వెయ్యడానికి చక్రాన్ని సైకిలు నుంచి ఊడదియ్యక్కరలేదు. ముఖ్యంగా వెనక చక్రానికి చెయిను, స్టాండు, మడ్‌గార్డు అన్నీ తగులుకుని ఉంటాయి. టైరు ఒక వైపు అంచు మాత్రం దించి ట్యూబు బయటికి లాగితే చాలు. సైకిలును గోనెపట్టా మీద తలకిందులుగా నిలబెట్టాలి. క్యాను, సంచులు ముందే తియ్యాలి. వాల్వు నట్లు విప్పి గాలి పూర్తిగా వదలాలి. ఆ చిన్న సామానంతా ఒక పళ్ళెంలో వేసుకోవాలి. మట్టిలో పడితే దొరకవు.

తరువాత రెండు చేతులతో టైరును చుట్టూ నొక్కుతూ, అంచును పల్లంలోకి తొయ్యాలి. ఇదే అసలు పని. దీన్ని వదిలేసి లివరు పట్టుకున్నవాళ్ళే రిమ్ము పాడు చేస్తారు. అప్పుడు వాల్వుకు కొంచెం ఎడంగా, టైరు అంచు కింద లివరు పెట్టాలి. అంచు అందేంత వరకే పెట్టాలి. లోతుగా పోతే ట్యూబు చిక్కుతుంది. జానెడు దూరంలో రెండో లివరు. రెండింటినీ మెల్లిగా వంచితే అంచు గట్టు దాటి బయటికొస్తుంది. ఆ తరువాత వేలు దూర్చి చుట్టూ లాగితే అదే ఊడుతుంది.

లివరు కదలకపోతే ఇంకా గట్టిగా నొక్కాలనిపిస్తుంది. అప్పుడే ఆగాలి. ఎదురు వైపు అంచు పల్లంలో నుంచి మళ్ళీ పైకి వచ్చి ఉంటుంది. వెళ్ళి దాన్ని తోసి రావాలి. కాస్త సబ్బునీళ్ళు రాయాలి. సబ్బునీళ్ళు జారుతాయి, తరువాత ఆరిపోతాయి. కిరసనాయిలు, వంటనూనె, గ్రీజు రాయకూడదు. కిరసనాయిలుకు రబ్బరు ఉబ్బి మెత్తబడి చెడిపోతుంది.

ట్యూబుకు గాలి కొట్టి కొంచెం కొంచెంగా నీళ్ళలో ముంచితే బుడగలు వచ్చిన చోట చిల్లి ఉన్నట్టు. అక్కడ తుడిచి, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, పలచగా సొల్యూషను రాయాలి. రాసిన వెంటనే ప్యాచి వేస్తే అంటదు. వేలికి తడి తగలనంత వరకు ఆగి, అప్పుడు వేసి గట్టిగా నొక్కాలి. ముఖానికి రాసుకునే పౌడరు చల్లితే ట్యూబు టైరుకు అతుక్కోదు.

ఇక్కడ ఆ సైకిలు షాపు పెద్దామె చెప్పే మాట ఒకటుంది.

"చిల్లి మూశావు. మరి ముల్లు ఏదే?"

ముల్లు టైరులోనే ఉంటుంది. టైరు లోపల గుడ్డతో చుట్టూ నెమ్మదిగా తుడవాలి. తుమ్మముల్లు, పల్లేరు గింజ, గాజుపెంకు ఏదున్నా గుడ్డకు తగులుకుంటుంది. చేత్తో గబగబా తడిమితే వేలు తెగుతుంది. ముల్లు తియ్యకుండా టైరు ఎక్కిస్తే నాలుగడుగులు వేసేసరికి మళ్ళీ పంచరు. రిమ్ము మీది పట్టీని కూడా చూడాలి. అది జరిగితే చక్రం పుల్లల కొనలు లోపలి నుంచి ట్యూబును పొడుస్తాయి.

ఎక్కించేటప్పుడు ట్యూబులో కొద్దిగా గాలి పెట్టాలి. బాగా ఉబ్బకూడదు. ముడత పోయి గుండ్రంగా నిలిస్తే చాలు. వాల్వును దాని రంధ్రంలో పెట్టి, ట్యూబును మెలి పడకుండా టైరు లోపలికి సర్దాలి. ఇప్పుడు వాల్వుకు సరిగ్గా ఎదురు వైపు మొదలుపెట్టాలి. అక్కడి నుంచి రెండు చేతులూ రెండు వైపులకు పోతూ, అంచును లోపలికి నెడుతూ, వాల్వు దగ్గర ముగించాలి. ఎందుకంటే వాల్వు ఉన్న చోట పల్లంలో దాని దిమ్మ అడ్డం ఉంటుంది. అక్కడ టైరు అంచు లోపలికి దిగదు. మొదట అక్కడ ఎక్కిస్తే ఎదురు వైపు వదులు దొరకదు.

చివరి జానెడు బిగుసుకుంటుంది. సరిగ్గా ఇక్కడే ఓపిక పోయి లివరు తీస్తారు. కొత్త ప్యాచి వేసిన ట్యూబు ఇక్కడే చిరుగుతుంది. లివరు వద్దు. మళ్ళీ ఎదురు వైపు నుంచి టైరును నొక్కుకుంటూ, ఉన్న వదులంతా ఇటు తీసుకురావాలి. రెండు బొటనవేళ్ళు ఆనించి, అరచేతుల కింది కండతో ముందుకు తొయ్యాలి. చపాతీ పిండిని అదిమినట్టు అదమాలి. అంచు "టప్" మని లోపలికి పడుతుంది. ఆ తరువాత వాల్వును లోపలికి ఒకసారి నెట్టి వదలాలి. దాని కింద చిక్కిన ట్యూబు విడిపోతుంది.

పూర్తిగా గాలి కొట్టకూడదు, ఇంకా ఆగాలి. సగం కొట్టి చక్రం తిప్పి చూడాలి. రిమ్ము పక్కన టైరు మీద సన్నని గీత కనిపిస్తుంది. అది చుట్టూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకచోట దిగి ఉంటే టైరు సరిగా కూచోలేదని అర్థం. గాలి తీసి, చేత్తో సర్ది, మళ్ళీ కొట్టాలి. ఎక్కడైనా ట్యూబు పొక్కులా బయటికి కనిపిస్తే వెంటనే గాలి వదలాలి. లేకపోతే టపాకాయలా పేలుతుంది.

టైరే మార్చాల్సి వస్తే మాత్రం చక్రం ఊడదియ్యక తప్పదు. కొత్త టైరు బిరుసుగా ఉంటుంది. కాసేపు ఎండలో పెడితే మెత్తబడుతుంది. కొనేటప్పుడు పాత టైరు పక్కన ఉన్న అంకెలు చదువుకుని పోవాలి. పెద్ద సైకిళ్ళకు 28 × 1½ అని ఉంటుంది. చాలా లేడీసు సైకిళ్ళకు 26తో మొదలవుతుంది. రెండో అంకె కూడా కలవాలి. ఒక్క అంకె తేడా ఉన్నా టైరు రిమ్ము మీద కుదరకపోవచ్చు. కుదరని టైరును ఏ లివరూ ఎక్కించలేదు. చదవడం వచ్చినామె ఈ ఒక్క చోట మోసపోదు. చీటీ మీద రాసుకుని వెళితే ఇంకా మంచిది.

1991లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగినప్పుడు వేలాదిమంది పల్లె ఆడవాళ్ళు చదువుతో పాటు సైకిలు తొక్కడం కూడా నేర్చుకున్నారు. బస్సు కోసం, ఇంట్లో మగవాళ్ళ కోసం ఎదురు చూడడం చాలామందికి తగ్గింది. పంచరు వెయ్యడం కూడా వస్తే, ఆ ఎదురు చూడడం మరికాస్త తగ్గుతుంది.

కారు టైరుకు కూడా సూత్రం ఇదే. అక్కడా తీగ, గట్లు, పల్లం ఉన్నాయి. కాని కారు టైరు అంచు రిమ్ముకు గట్టిగా కరుచుకుని ఉంటుంది. దానికి మెషీను ఉన్న షాపు కావాలి. కొన్ని లారీ చక్రాలకు విడి ఇనుప రింగు ఉంటుంది. గాలి ఉండగా ఆ రింగు ఎగిరితే మనిషి ప్రాణం పోతుంది. అలాంటిదాన్ని ఇంటి ముందు విప్పబోయే మగవాళ్ళను ఆపాలి.

రిమ్ము చెడేది విప్పినప్పుడే కాదు. గాలి లేని సైకిలును "ఇంకో ఫర్లాంగే కదా" అని క్యానుతో సహా తొక్కుకుపోయినా చెడుతుంది. బరువంతా రాళ్ళ మీద నేరుగా రిమ్ముకు తగులుతుంది. దిగి నడిపించుకుపోవాలి. గాలి తక్కువగా ఉన్నా రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. బొటనవేలితో గట్టిగా నొక్కితే టైరు కొంచెమే లోపలికి పోవాలి. పాల క్యాను మోసే వెనక చక్రానికి ముందు దానికంటే ఎక్కువ గాలి ఉండాలి.

ఆ పాలు పోసే ఆమె ఇప్పుడు పాత డబ్బా ఒకటి పెట్టుకుంది. అందులో రెండు లివర్లు, గరుకు కాగితం, ప్యాచీలు, రెండు వాల్‌ట్యూబులు ఉన్నాయి. పాత ట్యూబును ఆమె పారెయ్యలేదు. అందులోంచి ప్యాచీలకు, రిమ్ము పట్టీకి ముక్కలు కోసుకుంటుంది. మొదటిసారి పంచరు వెయ్యడానికి గంట పైనే పట్టింది. ఆ పొద్దు పాలు తోడుకే పోయాయి. రెండోసారి 40 నిమిషాల్లో అయింది, 7 కొట్టే లోపల కేంద్రానికి చేరింది. డబ్బాలో సొల్యూషను ట్యూబు మూత బిగించి ఉందో లేదో మాత్రం ఆమె వారానికోసారి చూసుకుంటుంది. మూత వదులైతే అది గడ్డకట్టిపోతుంది. ఆ సంగతి మళ్ళీ తెల్లవారుజామున అయిదింటికే తెలుస్తుంది.