కాలువ గట్టు మీది క్రీస్తు

యేసు అనే మనిషి నిజంగా ఉన్నాడా అంటే, ఉన్నాడనే చరిత్రకారుల్లో దాదాపు అందరూ చెబుతారు. ఆయన పోయిన వందేళ్లలోపే రోమన్ రచయిత టాసిటస్, పిలాతు హయాంలో ఆయనకు మరణశిక్ష పడిందని రాశాడు. అదీ క్రైస్తవులంటే గిట్టక రాసిన మాట. గలిలయ పల్లెలో చేతిపని చేసుకునేవాడు, యోహాను చేత బాప్తిస్మం పొందినవాడు, ఊరు దూరం పెట్టినవాళ్లతో కూర్చుని తిన్నవాడు, బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే సిలువ మీద చచ్చినవాడు. భక్తులు కల్పించి చెప్పుకునే గొప్పలు కావివి. వీలైతే దాచుకునేవి, అందుకే నమ్మదగ్గవి. పునరుత్థానం దగ్గర చరిత్ర ఆగిపోతుంది, విశ్వాసం సాగిపోతుంది. పరిశోధన పెరిగితే భక్తి తరుగుతుందని భయపడేవాళ్లు నెల్లూరు తీరం వైపు ఒకసారి చూడాలి.

1840లో అమెరికన్ మిషనరీ శామ్యూల్ డే నెల్లూరులో బాప్టిస్టు మిషన్ మొదలుపెట్టాడు. పాతికేళ్లయినా సంఘంలో పిడికెడు మందే. మూసేద్దామా అని అమెరికాలో పదేపదే చర్చ. కదలిక 1866లో, అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఒంగోలులో వచ్చింది. తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య, అంతకుముందే రాజయోగం సాధన చేసిన మాదిగ, బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక పల్లెలు కదిలాయి. మాదిగలు చేరితే మేముండమని మిషన్ బడిలోని పైకులాల పిల్లలు తేల్చి చెప్పారు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ మాదిగలనే ఎంచుకున్నాడు, బడి ఖాళీ అయింది. చారిత్రక యేసు గురించి జర్మనీ పండితుల వాదాలు ఆ జనం ఎరుగరు. కానీ వాళ్లను పట్టుకున్నది వెలివేసినవాళ్లతో తిన్న ఆ మనిషే, అంటే చరిత్ర పరీక్షకు అన్నిటికన్నా గట్టిగా నిలిచే యేసే.

గంజి కోసం మతం మారారన్న మాట ఇక్కడ ఎప్పుడూ ఉన్నదే. 1876-78 ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నాడు. సంఘంలోని బోధకులే మేస్త్రీలు. తట్ట దించి గట్టు మీద కూర్చున్న కూలీలకు వాళ్లు ఎక్కువగా చెప్పింది, భారం మోసేవాళ్లను రమ్మని యేసు పిలిచిన మాట. ఆకలి పాత్రేమీ లేదనడం అబద్ధం. అయితే సహాయం పంచినంతకాలం, ఏడాదికి పైగా, క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పనులు ముగిశాకే, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. గంజి ఒక్కటే కారణమైతే అప్పటికి జనం చెదిరిపోవాలి.

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది. చరిత్రలో యేసును వెతికినవాళ్లు చివరికి తమ ముఖమే చూసుకున్నారని 1906లో వేదాంత పండితుడు ఆల్బర్ట్ ష్వైట్జర్ తేల్చాడు. మాదిగలు చూసిందీ తమ ముఖమే కదా అనొచ్చు. నిజమే. కానీ మర్యాదస్తుడైన నీతిబోధకుణ్ణి చూపించిన ప్రొఫెసర్లకు సిలువ అడ్డం వచ్చింది, వీళ్లకు రాలేదు.

ఇవాళ స్వస్థత సభల మైకుల్లో అద్భుతాల యేసే వినిపిస్తాడు, పంక్తిలో కూర్చున్న యేసు అరుదు. మాల సంఘం, మాదిగ సంఘం అనే గీత సంఘాల్లో చెరగలేదు. మరోపక్క 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులంలోకి రాడు, ఆంధ్రప్రదేశ్‌లో అతణ్ణి బీసీ-సిలో పెడతారు. కులం పోయిందని ప్రభుత్వం అంటుంది. పోలేదని ఊరికీ తెలుసు, పాస్టరుకీ తెలుసు.