ఆయన పథ్యం - ఆమె దిగులు

ప్రోస్టేటు కాన్సరుకు చికిత్స చేయించుకుని మగవాడు ఇల్లు చేరిన నాటినుంచి ఆ ఇంట్లో రెండు రకాల సంభాషణలు మొదలవుతాయి. ఒకటి పైకి వినిపించేది. "ఏమండీ, ఆ ఆవకాయ ముట్టుకోకండి," అని ఆమె అంటుంది. "ఈ చప్పిడి కూడు నా వల్ల కాదు," అని ఆయన విసుక్కుంటాడు. రెండవది ఎవరికీ వినిపించదు. ఒంటికి వచ్చిన మార్పులను ఎలా చెప్పాలో తెలియక ఆయన ఊరుకుంటాడు. అడిగితే బాధపడతాడేమోనని ఆమె అడగదు. చెప్పుకోలేని మాటలన్నీ చివరకు కంచం దగ్గర పోట్లాటలై బయటపడతాయి. కనుక ఈ జబ్బు తరువాత తిండి సంగతీ, ఆలుమగల మనస్సుల సంగతీ విడదీసి చెప్పడానికి వీలులేదు.

ప్రోస్టేటు గ్రంథి మూత్రాశయానికి సరిగ్గా దిగువన, మూత్రనాళాన్ని చుట్టుకుని, అక్రోటు కాయంత ఉంటుంది. వీర్యంలోని ద్రవం కొంత అక్కడే తయారవుతుంది. అది ఉన్న చోటు అటువంటిది కావడంవల్ల, కత్తితో తీసివేసినా, కిరణాలతో మాడ్చినా, ఇరుగుపొరుగు అవయవాలకు కొంత బెడద తప్పదు. మూత్రం చుక్కలుగా జారడం, విరేచనాలు పట్టుకోవడం, దాంపత్యానికి కావలసిన నరాలు మొద్దుబారడం - ఇవన్నీ చికిత్సవల్ల వచ్చేవే. ఇవి కనిపించినంత మాత్రాన జబ్బు తిరగబెట్టిందని హడలిపోనక్కరలేదు.

ఇంకొక సంగతి ముందుగానే చెప్పాలి. కాన్సరు అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్కమీద పడుకున్నా భార్యకు అంటుకోదు. ఈ మాట పైకి అడగడానికి జంకి, ఆయన మంచినీళ్ళ గ్లాసు విడిగా పెట్టే ఇళ్ళు ఉన్నాయి. ఆ గ్లాసును చూసి ఆయన ఏమనుకుంటాడో ఒక్కసారి ఆలోచించండి.

పప్పు మానేస్తే పుండు మానదు

ఆపరేషను అయినవారు పప్పు తింటే కుట్లు చీము పడతాయని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. దాంతో వారాల తరబడి చారన్నం, బీరకాయ కూరతో సరిపెడతారు. నిజానికి గాయం మానడానికి కావలసినవి మాంసకృత్తులు. అవి పప్పులోనూ, పెరుగులోనూ, గుడ్డులోనూ, చేపలోనూ ఉన్నాయి. చీము పట్టేది సూక్ష్మక్రిములవల్ల, కందిపప్పువల్ల కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం పప్పు ఎంత తినాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

ఆపరేషను తరువాత మలబద్ధకం రాకూడదు. ముక్కితే కుట్లమీద ఒత్తిడి పడుతుంది. అందుకని కూరలు, పళ్ళు, నీళ్ళు సమృద్ధిగా ఉండాలి. ఇక్కడే మగవారు ఒక పొరపాటు చేస్తారు. మూత్రం జారి పంచె తడుస్తుందన్న భయంతో నీళ్ళు తాగడం మానేస్తారు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత రేపుతుంది, మలబద్ధకమూ పెరుగుతుంది. పగలంతా తాగి, పడుకోబోయే రెండు గంటల ముందునుంచి తగ్గించడం మేలు. కాఫీ, టీలు మూత్రాన్ని తొందరపెడతాయి కనుక మూడు కప్పులు తాగేవారు ఒకదానికి దిగితే తేడా వారికే తెలుస్తుంది.

జారడం సాధారణంగా నెలలమీద తగ్గుతుంది. కొందరికి ఏడాది దాకా పడుతుంది. దీనికి మందుకంటె ముందు వ్యాయామం ఉంది. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికను వైద్యుడు ప్రసవించిన స్త్రీల కోసం చెప్పిన వ్యాయామమే ఇప్పుడు మగవారికీ నేర్పుతున్నారు. మూత్రాన్ని ఆపుకునేటప్పుడు బిగిసే కండరాలను కొన్ని క్షణాలు బిగబట్టి వదలాలి. గొట్టం తీసివేసిన తరువాతనే, డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం చేయాలి. కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ చేయవచ్చు. ఎదుట ఉన్నవారికి తెలియను కూడా తెలియదు.

చికిత్సనుబట్టి పథ్యం

కిరణ చికిత్స జరిగే రోజులలో పేగు పుండులా ఉంటుంది. విరేచనాలు అవుతున్నంత కాలం ఆకుకూరలు, పచ్చికూరలు, కారం తగ్గించి పెరుగన్నం, అరటిపండు, సగ్గుజావ పెట్టాలి. ఉపశమించిన తరువాత మామూలు భోజనానికి రావాలి. ఆ తాత్కాలిక పథ్యాన్నే జీవితాంతం పాటించేవారు ఉన్నారు, అది అనవసరం.

మూడవది హార్మోను చికిత్స. మగ హార్మోనును అణిస్తే ఈ కాన్సరు కూడా అణుగుతుందని షికాగోలో చార్లెస్ హగ్గిన్స్ 1941లో చూపించాడు. 1966లో ఆయనకు నోబెలు బహుమతి వచ్చింది. ఈ చికిత్స తీసుకునేవారికి ఎముకలు పలచబడతాయి, కండ కరుగుతుంది, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, మధుమేహం వచ్చే అవకాశం పెరుగుతుంది. కనుక వీరికి రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. 1918లో కూనూరులో పుట్టి, తరువాత హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థవారు మన ధాన్యాల సారాన్ని కొలిచి పట్టికలు వేశారు. వాటి ప్రకారం 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. మరపట్టిన బియ్యంలో పది దరిదాపు మాత్రమే. రాత్రిపూట అన్నానికి బదులు రాగి సంకటి, కూరలో ఒక చెంచా నువ్వులపొడి, తోటకూర, ఒక కప్పు పెరుగు - ఇదేమీ కష్టమైన పథ్యం కాదు. దీనికి తోడు ఎండలో నడక, కండకు పనిచెప్పే కొద్దిపాటి బరువుల వ్యాయామం ఉండాలి.

అబిరాటిరోను అనే మాత్ర వాడేవారికి ఒక ముఖ్యమైన హెచ్చరిక. అది ఖాళీ కడుపునే వేసుకోవాలి. భోజనమైన రెండు గంటల తరువాత వేసుకుని, ఆపైన గంటసేపు ఏమీ తినకూడదు. తిండితో కలిసి వేసుకుంటే మందు శరీరంలోకి మోతాదు మించి చేరుతుంది. ఈ మాత్ర రక్తపోటును కూడా పెంచుతుంది. కనుక ఊరగాయలు, అప్పడాలు, వడియాలు బాగా తగ్గించాలి. ఆవకాయ మీద ఆమె పెట్టిన ఆంక్షకు ఇక్కడ కొంత ఆధారం ఉన్నది!

సీసాలలో ఆరోగ్యం లేదు

అమెరికాలో ఉన్న కొడుకో, కూతురో ఆదుర్దాతో విటమిను సీసాలు పంపడం ఈనాడు మామూలు. వారి ప్రేమను శంకించడం లేదు. కాని 2001లో అమెరికా తదితర ప్రాంతాలలో 35,000 మందికి పైగా ఆరోగ్యవంతులైన మగవారికి విటమిను ఇ, సెలీనియం ఇచ్చి ప్రోస్టేటు కాన్సరు రాకుండా ఆగుతుందేమోనని పరీక్షించారు. ఉపయోగం కనిపించక 2008లో మాత్రలు ఆపించారు. 2011లో లెక్కలు చూస్తే, విటమిను ఇ మింగినవారిలో ఈ కాన్సరు ఉత్త మాత్ర మింగినవారికంటె 17 శాతం ఎక్కువగా కనిపించింది. కనుక డాక్టరుకు చూపించకుండా ఏ సీసా మూతా తీయవద్దు. ఆకు పసరులకూ, పొడులకూ ఇదే మాట వర్తిస్తుంది.

అలాగే ఏ కూరా ఈ జబ్బును ఆపలేదు. ఆపరేషను లేకుండా డాక్టర్ల కనిపెట్టుబడిలో ఉన్న 478 మంది రోగులపై అమెరికాలో చేసిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. రెండేళ్ళపాటు కూరగాయలు ఎక్కువ తిన్నవారిలోనూ జబ్బు నెమ్మదించలేదు. మరి కూరలు ఎందుకు తినాలి? గుండె కోసం, రక్తపోటు కోసం, మధుమేహం రాకుండా ఉండడం కోసం. కాన్సరును దాటినవారికి గుండె ముఖ్యం కాదా? ఈ సంగతి తెలిస్తే ఇల్లాలి నెత్తిన ఒక పెద్ద బరువు దిగుతుంది. ఆయన ఒకనాడు పెళ్ళిలో రెండు జాంగ్రీలు తిన్నంత మాత్రాన జబ్బు తిరగబెట్టదు. తిరగబెడితే అది ఆమె వంటలోని లోపమూ కాదు.

మాట పెగలని చోట

ఇక అసలు విషయానికి వద్దాం. నలభై ఏళ్ళు కాపురం చేసిన దంపతులు కూడా ఒక విషయం దగ్గర మూగవారైపోతారు. హార్మోను చికిత్సలో కోరికే సన్నగిల్లుతుంది. ఆపరేషనులో నరాలు దెబ్బతింటే కోరిక ఉన్నా శరీరం సహకరించదు. ఆయన సిగ్గుతో దూరంగా జరుగుతాడు. తనమీద ప్రేమ పోయిందని ఆమె అనుకుంటుంది. ఇద్దరూ పొరబడినవారే.

నరాలను కాపాడుతూ గ్రంథిని తీసే పద్ధతిని 1982లో జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో పాట్రిక్ వాల్ష్ ప్రారంభించాడు. ఆ పద్ధతిలో కూడా శక్తి తిరిగి రావడానికి రెండేళ్ళ దాకా పట్టవచ్చు. 1998 నుంచి ఇందుకు మాత్రలు కూడా ఉన్నాయి. కాని గుండెనొప్పికి నైట్రేటు మందులు వాడేవారు వాటిని మింగితే ప్రాణాపాయం. అందుచేత దుకాణంలో చాటుగా కొనడం మాని డాక్టరును అడగాలి. ఆ అడగడానికి ఇద్దరూ కలిసి వెళ్ళడం మంచిది. ఆయన నోట రాని మాట ఆమె అడుగుతుంది; ఆమె మరిచినది ఆయన గుర్తుచేస్తాడు. ఆ శక్తి తిరిగి రాకపోయినా పక్కన కూర్చోవడం, చేయి పట్టుకోవడం, కలిసి నడకకు వెళ్ళడం ఎవరూ తీసివేయలేదు గదా!

హార్మోను చికిత్సలో ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి చెమటలు పోస్తాయి. నెలసరి ఆగిపోయే వయస్సులో స్త్రీలకు వచ్చేవీ ఇటువంటివే. "నాకు ఆనాడు ఇలాగే ఉండేది, మీకు చెబితే ఫాను తిప్పుకోమన్నారు," అని ఆమె నవ్వుతూ అనవచ్చు. ఆ నవ్వులో కొంత దెప్పిపొడుపు ఉన్నా ఫరవాలేదు. తన అవస్థ తెలిసిన మనిషి ఇంట్లోనే ఉన్నదని ఆయన గ్రహిస్తాడు.

ఆమెను ఎవరు చూస్తారు?

చుట్టాలందరూ "ఆయనకు ఎలా ఉంది?" అనే అడుగుతారు. ఆమె రక్తపోటు మాత్రలు అయిపోయి వారమైన సంగతి ఎవరికీ పట్టదు. ఆయనకు వేడిగా వండిపెట్టి, తాను పొద్దుటి అన్నంలో పచ్చడి కలుపుకుని తింటుంది. ఇది త్యాగం కావచ్చుగాని వైద్యం కాదు. ఆయనకు మంచిదైన భోజనం ఆమెకూ మంచిదే. కనుక ఇంటికంతా ఒకే వంట చేసి ఇద్దరూ కలిసి తినాలి.

పి.ఎస్.ఏ. అనే రక్తపరీక్ష దగ్గరపడినప్పుడల్లా ఇంట్లో చిరాకులు పెరుగుతాయి. కిరణ చికిత్స తరువాత ఆ అంకె ఒక్కొక్కప్పుడు కొద్దిగా పెరిగి మళ్ళీ తగ్గడం కద్దు. ఒక్క అంకెతో నిర్ణయానికి రాకుండా డాక్టరు మాటకోసం ఆగాలి. ఆ రోజులలో "నాకు భయంగా ఉంది" అని ఎవరో ఒకరు ముందుగా అనాలి. రెండు మూడు వారాలు నిద్రపట్టకపోయినా, తిండి సహించకపోయినా, చావు మాటలు వస్తున్నా మనోవైద్యుణ్ణి చూడాలి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నెంబరుమీద ఫోను చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

కొడుకులకు ఈ జబ్బు సంగతి దాచవద్దు. తండ్రికి వచ్చినదంటే వారికి వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు. నలభై అయిదేళ్ళ ప్రాంతంలో తమ డాక్టరుతో పరీక్ష విషయం మాట్లాడుకోమని చెప్పాలి. చెప్పవలసినది తండ్రే, పక్కన తల్లి కూడా కూర్చుంటే ఆ మాట ఆయనకు మరింత తేలికగా వస్తుంది.