రక్తం కోసం పుట్టి ఏట్లోకి దిగిన కడ్డీ

నీలగిరి కొండలు దిగిన భవాని నది మేట్టుపాళయం దగ్గర మైదానంలో అడుగుపెడుతుంది. ఈ కొండల్లో, వాటి పాదాల దగ్గరి ఏర్లలో బతికే చేపల మీద చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1867లోనే వ్యాసం ప్రచురించాడు. ఆ చేపలు పీల్చే ఆక్సిజన్‌ను నీళ్ళలో కడ్డీ ముంచి కొలిచే సాధనం రావడానికి మాత్రం మరో తొంభై ఏళ్ళు పట్టింది. అదీ చేపల కోసం పుట్టలేదు. ఆపరేషన్ బల్ల మీది మనిషి రక్తం కోసం పుట్టింది.

చేపకు ఆ కొలత పుట్టుకతోనే ఉంది. 25 డిగ్రీల వేడిలో లీటరు నీరు పట్టగలిగే ఆక్సిజన్ సుమారు 8 మిల్లీగ్రాములు. లీటరు గాలిలో దానికి ముప్పై రెట్లకు పైనే ఉంటుంది. అంత కొద్దిపాటితో బతికే ప్రాణికి ఏమరుపాటు పనికిరాదు. ఎర్రటి మొప్ప రేకుల్లో అక్కడక్కడా కాపలా కణాలు పొదిగి ఉంటాయి. కొన్ని పారే నీటిని, కొన్ని లోపలి రక్తాన్ని కనిపెడతాయి. 2004లో కెనడా శాస్త్రవేత్తలు జీబ్రా చేప మొప్పల నుంచి ఈ కణాలను వేరుచేసి వాటి విద్యుత్తును కొలిచారు. ఆక్సిజన్ తగ్గగానే కణం పొరలోని పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి, కణం ఉత్తేజితమవుతుంది, నాడుల ద్వారా మెదడుకు కబురు చేరుతుంది. మొప్పలు వేగంగా ఆడతాయి, గుండె నెమ్మదిస్తుంది. మన మెడలో, మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమని చీలే చోట ఇదే పని చేసే చిన్న గుబ్బ ఒకటి ఉంది. పిండదశలో చేపకు మొదటి మొప్ప ఏర్పడే భాగమే మనలో ఆ గుబ్బకు ఆధారం.

మనిషికి ఈ కొలత నేర్పినవాడు హంగేరీ రసాయనవేత్త లాయోష్ వింక్లర్. గాలి బుడగ చిక్కకుండా సీసా నింపి, మాంగనీస్ లవణం, అయొడైడ్ కలిపి టైట్రేషన్ చేసే పద్ధతిని 1888లో చెప్పాడు. నీటికి అది ఇప్పటికీ ప్రమాణమే, రక్తానికి పనికిరాదు.

అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, లీలండ్ క్లార్క్ అనే శాస్త్రవేత్త రక్తంలోకి బుడగలతో ఆక్సిజన్ ఎక్కించే యంత్రం చేశాడు. దాని మీద రాసిన వ్యాసం తిరిగొచ్చింది. యంత్రం దాటిన రక్తంలో ఆక్సిజన్ పీడనం ఎంతో చెప్పలేదు కదా అని సంపాదకుడి అభ్యంతరం. న్యాయమైన అభ్యంతరమే. ప్లాటినం తీగకు కొద్దిపాటి వోల్టేజి ఇస్తే ఒక్కో ఆక్సిజన్ అణువు నాలుగు ఎలక్ట్రాన్లు పుచ్చుకుంటుందని, ఆ కరెంటును బట్టి ఆక్సిజన్ ఎంతో తెలుస్తుందని అప్పటికే తెలుసు. కానీ రక్తంలో ముంచగానే ప్రొటీన్లు తీగకు పట్టి లెక్క చెడిపోయేది. సెల్లోఫేన్ చుట్టి చూశాడు. చివరికి 1954 అక్టోబరు 4న దారి దొరికింది. ప్లాటినాన్నీ, దాని జతైన వెండినీ రెండింటినీ లవణ ద్రావణంలో, ఒకే పాలిథీన్ పొర వెనక పెట్టాడు. ఆక్సిజన్ పొర దాటుతుంది, రక్తం దాటదు. 1956లో ఇది అచ్చయింది.

నా దృష్టిలో ఇందులో గొప్పదనమంతా ఆ పల్చటి పొరదే. దాని అవతల రక్తమున్నా ఏటి నీరున్నా కడ్డీకి ఒకటే. 1962లో క్లార్క్, అతని సహరచయిత లయన్స్ ఆ పొర దగ్గర ఒక ఎంజైమును చేర్చి రక్తంలో చక్కెరను కొలిచే దారి వేశారు. ఇవాళ్టి గ్లూకోమీటర్లకు పూర్వరూపం అదే.

భీమవరం, కైకలూరు చేపల చెరువుల గట్ల మీద ‘డీఓ ఎంతుంది?’ అని, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంతని, అడిగేది ఈ కొలతనే. పొర ముడత పడినా, దాని కింద గాలి బుడగ చిక్కినా అంకె తప్పుతుంది. కడ్డీ తానూ కొంత ఆక్సిజన్ తింటుంది కాబట్టి నిలవ నీటిలో దాన్ని ఆడిస్తూ ఉండాలి. కాంతితో పనిచేసే కొత్త కడ్డీలకు ఈ బెడద లేదు.

మేట్టుపాళయానికి దిగువన సిరుముగైలోని విస్కోస్ కర్మాగారం వ్యర్థాల మీద 1990ల్లో భవాని ఒడ్డున ఆందోళనలు రేగాయి. కర్మాగారం మూతపడింది గానీ పట్టణాల మురుగు ఆగలేదు. మురుగును తినే బ్యాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ను వాడేసుకుంటుంది. చేపల మనుగడకు లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. నాచు పగలు ఆక్సిజన్ ఇచ్చి రాత్రి తీసుకుంటుంది. అందుకే మిట్టమధ్యాహ్నం తీసిన కొలత ఒక్కటీ చూసి నది బాగుందనడం తప్పు. చెరువు రైతు వేకువకు ముందే ఏరియేటర్లు తిప్పేది అందుకే.

మేట్టుపాళయం, సిరుముగై బడుల సైన్సు మాష్టార్లకు నా మనవి ఒకటే. వింక్లర్ సీసాతోనైనా సరే, తెల్లవారకముందే భవానిని కొలిపించండి. ఆ అంకెను తమిళంలోనూ తెలుగులోనూ అందరికీ కనిపించేలా రాసిపెట్టండి.