తట్టిన దెబ్బ అంకెగా మారు విధము

డప్పును గట్టిగా కొట్టినచో గట్టిగా మ్రోగును. మెల్లగా కొట్టినచో మెల్లగా మ్రోగును. దెబ్బకును ధ్వనికిని నడుమ చర్మము తప్ప వేరొకటి లేదు. శాతవాహనుల కాలపు నాణెములు, మట్టిబొమ్మలు దొరికిన దిబ్బలకు పేరొందిన సంగారెడ్డి జిల్లా కొండాపూర్ మొదలు పటాన్‌చెరు వరకు గల ఊళ్లలో బోనాలకును, పెండ్లి ఊరేగింపులకును ఈ డప్పు నేటికిని మ్రోగుచున్నది. తెలంగాణ ఊరేగింపులలో ఇప్పుడు డప్పునకు తోడుగా రబ్బరు గడులు గల ఎలక్ట్రానిక్ ప్యాడ్ కూడ కనిపించుచున్నది. ఒక గడిని తట్టినచో డప్పు, మరొక గడిని తట్టినచో గంట వినిపించును. ఇంకొక గడిని తట్టినచో పాట మొత్తము గుహలో పాడినట్లు మారిపోవును. రబ్బరు ముక్కకు ఇన్ని గొంతులు ఎక్కడివి?

నిజమునకు కంప్యూటరుకు తగిలించు ప్యాడ్‌కు గొంతు లేనే లేదు. 1985లో జపానుకు చెందిన రోలాండ్ సంస్థ తెచ్చిన మొదటి ఆక్టాపాడ్‌లో 8 గడులుండెను గాని ధ్వని ఒక్కటియు లేదు. గడి క్రింద నున్న సాధనము దెబ్బను గుర్తించి, దానిని అంకెలుగా మార్చి, తీగ వెంట పంపును. ఆ అంకెలను చదివి ధ్వని పుట్టించు పని వేరొక యంత్రమునిది. నేడు అది తరచుగా కంప్యూటరులోని సంగీత సాఫ్ట్‌వేర్.

ఈ అంకెల భాషకు మిడి అని పేరు. ఒక కంపెనీ వాద్యము మరొక కంపెనీ వాద్యముతో మాటలాడలేని కాలములో, 1981లో అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, చెట్ వుడ్ అనువారలు అందరికిని ఒకే భాష ఉండవలెనని ప్రతిపాదించిరి. రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషి ఈ యత్నమునకు ముఖ్యమైన తోడ్పాటు నిచ్చెను. 1983 జనవరిలో రెండు వేర్వేరు కంపెనీల వాద్యములను ఒకే తీగతో కలిపి వాయించి చూపిరి. ఆ యేటనే మిడి నిబంధనలు అచ్చయినవి.

మిడిలో ఒక దెబ్బకు మూడు అంకెలు చాలును. మొదటి అంకె ఏమి జరిగినదో, ఏ మార్గమున జరిగినదో చెప్పును. ఇట్టి మార్గములు 16. రెండవది ఏ గడియో చెప్పును. మూడవది ఎంత బలమో చెప్పును. ఉదాహరణకు 144, 36, 100 అను వరుసకు అర్థము: “మొదటి మార్గములో 36వ సంఖ్య గల గడిని 100 బలముతో తట్టిరి.” గడికి బదులు గుండ్రని మరను త్రిప్పినచో మొదటి అంకె 176 అగును, అప్పుడు రెండవది మర సంఖ్యను, మూడవది అది నిలిచిన స్థానమును తెలుపును. రెండవ, మూడవ అంకెలు ఎల్లప్పుడు 0 నుండి 127 లోపుననే యుండును. అనగా మెట్లు 128 మాత్రమే.

ఇక ప్రతిధ్వని, రివర్బ్, ఫిల్టర్ మొదలగు ఎఫెక్టులను ఈ అంకెలతో జతపరచవలెను. దీనినే మ్యాపింగ్ అందురు. పని చూచుటకు సులభమే. సాఫ్ట్‌వేర్‌లో “నేర్చుకొనుము” అను ఏర్పాటును తెరచి, కావలసిన ఎఫెక్టును ఎన్నుకొని, ప్యాడ్‌పై గడిని తట్టవలెను. ఆ గడికిని ఆ ఎఫెక్టుకును ముడి పడును. కాని ముడి పడినంత మాత్రమున పని ముగియలేదు. 0 అనగా ఎంత, 127 అనగా ఎంత, నడుమ ఎట్లు నడువవలెను అనునవి మిగిలియున్నవి.

ఈ ప్రశ్నలు పటాన్‌చెరు ప్రాంతపు కర్మాగారములలో పనిచేయువారికి కొత్తవి కావు. రసాయన పాత్రలోని వేడిని కొలుచు సాధనము 4 నుండి 20 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును పంపుట పరిశ్రమలలో వాడుక. 4 అనగా 0 డిగ్రీలు, 20 అనగా 200 డిగ్రీలు అని ముందుగా నిర్ణయించినచో, 12 మిల్లీ ఆంపియర్లకు 100 డిగ్రీలని లెక్క తేలును. ఈ నిర్ణయము తప్పినచో తీగ మంచిదైనను, సాధనము మంచిదైనను వేడి తప్పుగా కనిపించును. మిడిలోను సూత్రము అదే. వచ్చిన అంకెను 127తో భాగించి, గరిష్ఠ కనిష్ఠముల భేదముతో హెచ్చించి, కనిష్ఠమునకు కలుపవలెను. రివర్బ్ 10 నుండి 40 శాతము వరకే యుండవలెననుకొన్నచో, 64 అను అంకెకు సుమారు 25 శాతము వచ్చును. మర చివరి వరకు త్రిప్పినను పాట మాటలు మునిగిపోవు.

అయితే చెవి ఈ సూత్రమును అన్నిచోట్ల అంగీకరించదు. ఫిల్టర్ అనునది ఒక హద్దునకు పై నున్న పౌనఃపున్యములను తగ్గించునని అనుకొందము. ఆ హద్దు 20 నుండి 20,000 హెర్ట్‌జుల వరకు కదలవలెను. సమానముగా పంచినచో ఒక్కొక్క మెట్టునకు సుమారు 157 హెర్ట్‌జులు వచ్చును. మొదటి మెట్టులోనే హద్దు 20 నుండి 177కు ఎగిరి మూడు స్థాయిలను దాటును. 64వ మెట్టునకు 10,000 దాటును. మర పై సగమంతయు త్రిప్పినను వినిపించు మార్పు ఒక్క స్థాయి మాత్రమే. చెవి తేడాను గాక నిష్పత్తిని గ్రహించుటయే దీనికి కారణము. కావున ప్రతి మెట్టునకు కొంత కలుపుటకు బదులు సుమారు 1.056తో హెచ్చింపవలెను. అప్పుడు 64వ మెట్టున హద్దు సుమారు 650 హెర్ట్‌జుల కడ నుండును. మర మొదటి నుండి చివరి వరకు ఒకే తీరున పనిచేయును.

దెబ్బ బలము విషయములో ఇంకను జాగ్రత్త కావలెను. కొన్ని ప్యాడ్‌లలో ఎట్లు తట్టినను 127నే పంపు ఏర్పాటు కలదు. ఊరేగింపు సందడిలో అది సౌకర్యమే. కాని దరువులో గట్టి దెబ్బకును చిరు దెబ్బకును గల భేదము అక్కడ మాయమగును. ఏండ్ల సాధనతో చేతికి వచ్చిన నేర్పు తీగ మొదటనే పోయినచో, దానిని ఏ స్పీకరును తిరిగి తేజాలదు. మెల్లని దెబ్బలకు స్థానమిచ్చు వక్రరేఖను ఎన్నుకొనుట వాయించువాని హక్కును కాపాడుటయే.

మ్యాపింగ్‌లో తరచుగా వచ్చు దోషములు మూడు. ఒకే గడి సంఖ్య అటు డ్రమ్మునకును ఇటు ఎఫెక్టునకును ముడిపడుట మొదటిది. రెంటికి వేర్వేరు మార్గములను కేటాయించినచో ఇది తొలగును. రెండవది, వేలు తీసిన సందేశము చేరక ఎఫెక్టు నిలిచిపోవుట. 4–20 పద్ధతిలో తీగ తెగినచో విద్యుత్తు సున్న అగును, దోషము వెంటనే తెలియును. మిడిలో 0 కూడ సరియైన అంకెయే, కనుక మౌనమును బట్టి దోషము తెలియదు. అందుకే అన్ని స్వరములను ఆపు సందేశమునకు ఒక గడిని ప్రత్యేకించుట మేలు. మూడవది ప్రమాదకరమైనది. సాఫ్ట్‌వేర్‌లో ధ్వని 20 కడ నుండగా మర 100 కడ నున్నదనుకొందము. మరను తాకగానే ధ్వని ఒక్కసారిగా 100కు ఎగురును. పెద్ద స్పీకర్ల యెదుట నిలుచున్న పిల్లల చెవులకు అది హాని. మర పాత విలువను చేరు వరకు దానిని లెక్కచేయని ఏర్పాటు అనేక సాఫ్ట్‌వేర్‌లలో కలదు. దానిని ముందుగనే అమర్చవలెను.

ఆలస్యము సంగతి కూడ తెలిసికొనదగినది. పాత మిడి తీగలో సెకనుకు 31,250 బిట్లు పోవును. అంకెకు 10 బిట్ల చొప్పున మూడు అంకెలకు ఒక మిల్లీ సెకను కన్న కొంచెము తక్కువ పట్టును. కంప్యూటరు ధ్వనిని 256 నమూనాల కట్టలుగా పంపినచో, సెకనుకు 44,100 నమూనాల లెక్కన ఒక్క కట్టకే సుమారు 6 మిల్లీ సెకనులగును. ఆ కాలములో ధ్వని గాలిలో రెండు మీటర్లు పోవును. అనగా డప్పు రెండు మీటర్ల దూరమునకు జరిగినట్లే. కట్ట పెద్దదైన కొలది డప్పు దూరమగును.

2020లో వెలువడిన మిడి 2.0లో దెబ్బ బలమునకు 128కి బదులు 65,536 మెట్లు కలవు. మెట్లు పెరిగినను, ఏ మెట్టునకు ఏ ఫలము అను నిర్ణయము మనిషిదే. ప్యాడ్ లేని పాఠశాలలోను దీనిని పరీక్షింపవచ్చును. గ్రాఫు కాగితముపై అడ్డముగా 0 నుండి 127 వరకు, నిలువుగా పౌనఃపున్యమును గుర్తించి, కలుపు పద్ధతికిని హెచ్చించు పద్ధతికిని రెండు రేఖలు గీయవలెను. 1,000 హెర్ట్‌జులకు దిగువన ఏ రేఖకు ఎన్ని మెట్లు దక్కినవో విద్యార్థులు లెక్కించిరేని, మొదటిదానికి 7, రెండవదానికి 72 అని తేలును. గుణశ్రేఢి గణితమునకే గాక చెవికి కూడ ఏల కావలెనో ఆ రెండు అంకెలే చెప్పును.