దమ్ము, ఒడుపు, బలము: పల్లె క్రీడాకారులు వీనిని కొలుచుట యెట్లు?

సంక్రాంతి వచ్చినచో మన పల్లెలలో కబడ్డీ పందెములకు కొదువ యుండదు. కూత పెట్టి, ఇద్దరిని తాకి, గీత దాటి వచ్చిన యువకుని జూచి “వానికి దమ్మున్నది” అని పెద్దలు మెచ్చుకొందురు. మెప్పు న్యాయమే. కాని ఆ యొక్క మాటలో పలు వేర్వేరు గుణములు ఇమిడియున్నవి. కూతకు గల 30 సెకండ్లలో తటాలున ముందుకురికి మరల వెనుకకు తిరుగుట ఒడుపు. నలుగురు పట్టినను గీతవరకు ఈడ్చుకొని వచ్చుట బలము. పురుషుల పోటీ విరామము గాక 40 నిమిషములు సాగును. అందు తుది 5 నిమిషములలో గూడ కాళ్లు చెప్పినట్లు వినుటయే నిజమైన దమ్ము. ఇవి గాక వేగము, కీళ్లు కండరములు సులువుగ వంగు గుణము, తూలకుండ నిలుచు నేర్పు ఉన్నవి. ఎత్తునకు తగిన బరువు గూడ లెక్కలోనిదే.

ఒకే మనుష్యునియందు ఇవన్నియు సమముగ నుండుట అరుదు. కండలు తిరిగిన వస్తాదు 600 మీటర్లు పరుగెత్తి కూలబడవచ్చును. బక్కపలుచని కుర్రవాడు అలుపెరుగక పరుగిడి, ఒక్క పట్టునకే చిక్కిపోవచ్చును. తనకు కొరవడినదేదో తెలియక సాధన చేయువాడు తనకు వచ్చినదానినే మరల మరల చేయుచుండును. మేము జిల్లాలు తిరుగునపుడు తరచుగా చూచుచున్నది ఇదియే.

కొలుచుటకు ఖరీదైన యంత్రములు అక్కరలేదు. కొలతటేపు, ముగ్గుపిండి, సెకండ్లు చూపు గడియారము లేదా సెల్‌ఫోను, ఒక నోటుపుస్తకము చాలును. ముందుగా పాఠశాల మైదానము నడుమ మేకు పాతి, 31 మీటర్ల 83 సెంటీమీటర్ల త్రాడు కట్టి, త్రాడు బిగియబట్టి గుండ్రముగ తిరుగుచు ముగ్గు పోయవలెను. ఆ చుట్టు 200 మీటర్లగును. మూడు చుట్లు 600 మీటర్లు, ఎనిమిది చుట్లు 1600 మీటర్లు.

వేగమునకు 50 మీటర్ల తిన్నని పరుగు మంచి పరీక్ష. దమ్ము చాలని వాడు అలసిపోకమునుపే అది ముగియును గనుక కేవలము వేగమే తెలియును. ఇందొక చిన్న మెలకువ గలదు. గడియారము పట్టినవాడు గమ్యమున నుండును. బయలుదేరు చోటి కేక అతని చెవి సోకుటకు సెకండులో ఏడవ వంతు పట్టును. అందుచే కేకనుబట్టి గాక, చేతిగుడ్డ దించుట కంటితో చూచి గడియారము నడపవలెను.

ఒడుపునకు 10 మీటర్ల ఎడముతో రెండు గీతలు గీచి, ఆవలి గీతపై రెండు చెక్కముక్కలుంచవలెను. పరుగెత్తి ఒక్కొక్కటి తెచ్చి ఈవలి గీతపై పెట్టవలెను, విసరరాదు. పురుషుల కబడ్డీ కోర్టు వెడల్పు సరిగా 10 మీటర్లే. దాని ప్రక్కగీతలే ఇందుకు అక్కరకు వచ్చును. కబడ్డీ ఆటగాని విషయమున మేము ఈ పరీక్షకే మొదటి పీట వేయుదుము. అతడు తిన్నగా 50 మీటర్లు పరుగెత్తవలసిన అవసరము ఆటలో ఎన్నడును రాదుగదా!

కాళ్ల బలమునకు నిలుచున్న చోటినుండి ముందునకు దూకించి, గీతనుండి మడమవరకు కొలిచి, మూడు దూకులలో మేలైనది వ్రాసికొనవలెను. చేతులకు దండీలు, పొట్టకు వెల్లకిల పండుకొని లేచుట అందరెరిగినవే. నడుము వంచకుండ తీసిన దండీలనే లెక్కింపవలెను. కాళ్లు చాచి కూర్చుండి, మోకాళ్లు లేపక, వ్రేళ్లు పాదములను దాటి ఎంత దూరము పోవునో కొలిచిన వంగు గుణము తెలియును. 2019 ఆగష్టు 29న ఆరంభమైన ఫిట్ ఇండియా ఉద్యమము క్రింద పాఠశాలలలో జరుపు పరీక్షలలో 50, 600 మీటర్ల పరుగులు, ఈ వంగు పరీక్ష చేరియున్నవి. చిన్న తరగతుల పిల్లలకు ఒంటికాలిపై నిలుచు పరీక్ష గలదు.

ఇక దమ్ము సంగతి. అమెరికా వాయుసేన వైద్యుడు కెన్నెత్ కూపర్ 1968లో 12 నిమిషముల పరుగు పరీక్షను ప్రకటించెను. ఆ వ్యవధిలో ఎంత దూరము పోగలిగెనో అదియే కొలత. మన ముగ్గుచుట్టుపై 12 చుట్లు, అనగా 2400 మీటర్లు దాటిన యువకునికి మంచి దమ్మున్నట్లు లెక్క. దాటలేనివాడు సిగ్గుపడనక్కరలేదు, నడక, పరుగు కలిపి వారములతరబడి మెల్లగా పెంచుకొనవలెను.

ఈ మెల్లదనమును గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. పోలీసు ఉద్యోగములకు మన యువకులు వేలాదిగా పోవుచున్నారు. తెలంగాణలో 2022 నియామకములందు పురుషులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకండ్లలో ముగింపవలసియుండెను. మన చుట్టు లెక్కన చుట్టునకు 54 సెకండ్లు. ప్రకటన వెలువడిన పిదప పదిదినములలో సాధింపజూచుట ప్రమాదకరము. 2024 ఆగష్టు నెలలో జార్ఖండ్‌లో ఎక్సైజు కానిస్టేబుళ్ల ఎంపికకై 10 కిలోమీటర్ల పరుగు పెట్టగా పదిమందికి పైగా అభ్యర్థులు మరణించిరి. వారందరును ఇంటి ఆశలు మోసికొని పోయిన యువకులు. పరుగులో ఛాతీ నొప్పి కలిగినను, స్పృహ తప్పినను, దగ్గరి బంధువులలో చిన్నవయసున హఠాన్మరణము సంభవించియున్నను, వైద్యునికి చూపించుకొనక పరీక్షకు దిగరాదు. జ్వరమున్న నాడు పరుగు వద్దు. వేసవిలో ఎండ ముదరకమునుపే ముగింపవలెను; నీరు త్రాగుట మరువరాదు. శక్తి వచ్చునని ఎవరో ఇచ్చు మాత్రలు, సూదిమందులు ముట్టుకొననే కూడదు.

బాలికల విషయమున మరియొక మాట. 600 మీటర్ల పరుగులో వెనుకబడిన పిల్లను “సోమరి” అని వెక్కిరించుట కొన్ని చోట్ల విన్నాము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమందు 15 నుండి 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలెను. రక్తము చాలనిచో కండరములకు ప్రాణవాయువు చాలదు. ఆ పిల్ల ఎంత పట్టుదల గలదైనను ఆయాసపడును. అట్టి ఫలితము వచ్చినపుడు తిట్టుటకు మారుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రక్తపరీక్ష చేయింపవలెను. కిశోర బాలబాలికలకు వారమునకొకసారి ఇచ్చు నీలిరంగు ఇనుపధాతువు మాత్రను ఆమె నిజముగ మ్రింగుచున్నదో లేదో కనుగొనవలెను. కొన్ని మాసముల పిదప అదే పిల్లను అదే చుట్టుపై మరల పరుగెత్తించి చూడుడు.

పరీక్షలు జరుపుటలో నియమమొకటే: అన్నిసార్లు ఒకే తీరు. ఒకే మైదానము, ఇంచుమించు ఒకే వేళ. భోజనమైన రెండు గంటలలోపల వద్దు. ముందు పదినిమిషములు ఒళ్లు వేడెక్కించుకొనవలెను. వేగము, ఒడుపు మొదట. 600 మీటర్లు తుదకు. 12 నిమిషముల పరుగు వేరొక దినమున. నోటుపుస్తకమున ప్రతి ఆటగానికి ఒక పుట కేటాయించి, తేది వేసి, అంకెలు వ్రాసి, ఎనిమిది వారముల పిదప ప్రక్కనే కొత్త అంకెలు వ్రాయవలెను. ఆ పుస్తకము వ్యాయామోపాధ్యాయునియొద్ద గాని, ఊరి యువజన సంఘమునందు గాని ఉండుట మేలు.