మూసిన కవరులో లంక భూమి: బ్యాంకు అమ్మకముల తీరుతెన్నులు

ఉర్దూలోని 'నీలాం', తెలుగులోని 'వేలము' అను రెండు మాటలును పోర్చుగీసు భాషలోని 'లెయిలావ్' అను పదమునుండి వచ్చినవని నిఘంటుకారులు చెప్పుదురు. జప్తు, బకాయి, వసూలు, దస్తావేజు, హక్కు మొదలగు మాటలు అరబ్బీ, పారశీక భాషలనుండి వచ్చి మన రైతుల నోట స్థిరపడినవి. ఋణమునకును, భూమికిని సంబంధించిన పదజాలమును మన రెండు భాషలును ఈ విధముగా ఉమ్మడిగా అనుభవించుచున్నవి. ఆ పదములతో నిండిన బ్యాంకు ప్రకటనలు దినపత్రికలలో తరచుగా కనబడుచుండును. ఆ చిన్న అక్షరముల వెనుక ఒక కుటుంబము కోల్పోవుచున్న ఇల్లును, మరియొక కుటుంబము జీవితకాలమున కూడబెట్టిన సొమ్మును ఉన్నవి. కావున అట్టి ప్రకటనను చదువు విధమును, ముఖ్యముగా అది కోనసీమ లంకలలోని ఆస్తికి సంబంధించినదైనప్పుడు గమనింపవలసిన విషయములను విద్యార్థి మిత్రులకును, కళాశాల కమిటీ పెద్దలకును విశదపరుపదలచితిమి.

ధవళేశ్వరము దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలుచున్నది. వసిష్ఠనుండి వైనతేయ విడివడుచున్నది. ఈ పాయలకును, బంగాళాఖాతమునకును నడుమ నున్న కోనసీమయే ఒక పెద్ద ద్వీపము. అమలాపురము కేంద్రముగా 2022 ఏప్రిల్ 4వ తేదీన ఇది ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. ఈ ద్వీపము చుట్టును నదీగర్భమున మరల చిన్న ద్వీపములు కలవు. వానినే మనము లంకలని పిలుచుచున్నాము. లంక భూమి ఒండ్రుతో ఏర్పడినది కావున మిక్కిలి సారవంతమైనది. కాని ఒండ్రును తెచ్చిన నదియే దానిని మరల కోసికొని పోగలదు. ఈ ఒక్క విషయమును మరువని వాడే లంకలో భూమి కొన తగినవాడు.

బ్యాంకు తాకట్టు ఆస్తిని అమ్మునది ఏ అధికారముతో? పూర్వము బ్యాంకులు సివిలు కోర్టులో దావా వేసి, డిక్రీ పొంది, ఏండ్ల తరబడి వేచియుండెడివి. 1993లో ఋణ వసూలు ట్రిబ్యునళ్లకై ఒక చట్టము వచ్చినది. ఆ పిమ్మట 2002లో సర్ఫేసీ చట్టము వచ్చి, కోర్టు ప్రమేయము లేకయే ఆస్తిని స్వాధీనపరచుకొని అమ్ము అధికారమును బ్యాంకులకు ఇచ్చినది. ఈ చట్టము క్రింద ఋణము మొండి బకాయిగా మారిన తరువాత బ్యాంకు ఋణస్థునకు అరువది దినముల గడువుతో నోటీసు ఈయవలెను. ఋణస్థుడు అభ్యంతరము తెలిపినచో పదునైదు దినములలోగా కారణములతో ప్రత్యుత్తరము ఈయవలెను. గడువు తీరినను బాకీ చెల్లనిచో ఆస్తిని స్వాధీనపరచుకొనవచ్చును. అట్టి చర్య అన్యాయమని తలచిన వారు నలుబదియైదు దినములలోగా ట్రిబ్యునల్ నాశ్రయింపవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో అట్టి ట్రిబ్యునల్ విశాఖపట్నమున కలదు.

స్వాధీనము రెండు విధములు. ఇంటి గోడకు నోటీసు అంటించి, పత్రికలో ప్రకటించి, ఋణస్థుని లోపలనే ఉండనిచ్చునది నామమాత్రపు స్వాధీనము. తాళము వేసి తాళపుచెవి బ్యాంకు చేతికి వచ్చునది వాస్తవ స్వాధీనము. ఇందుకు అవసరమైనచో జిల్లా మేజిస్ట్రేటు సహాయమును బ్యాంకు కోరవచ్చును. నామమాత్రపు స్వాధీనములోని ఇంటిని కొనువాడు గోడలతోబాటు వ్యాజ్యమును కూడ కొనుచున్నాడని గ్రహింపవలెను. ప్రకటనలో ఈ భేదము ఒకే ఒక్క మాటలో ఉండును. ఆ మాటను మొదట వెదకవలెను.

ఇక కోనసీమ వాసులు తప్పక ఎరుగవలసిన నియమమొకటి కలదు. సర్ఫేసీ చట్టములోని 31వ సెక్షను ప్రకారము వ్యవసాయ భూమిపై ఏర్పడిన తాకట్టునకు ఈ చట్టము వర్తింపదు. కొబ్బరితోట, అరటితోట, కూరగాయల పొలము తాకట్టుపెట్టి అప్పు తీసికొన్నచో బ్యాంకు దానిని ఈ మార్గమున అమ్మజాలదు. కోర్టునుగాని, బాకీ మొత్తమునుబట్టి ట్రిబ్యునల్‌నుగాని ఆశ్రయింపవలెను. అయితే కాగితములలో వ్యవసాయ భూమియని వ్రాసియున్నంత మాత్రమున సరిపోదు. ఏది వ్యవసాయ భూమి అను విషయమును దాని స్వభావము, వాస్తవ వినియోగము మొదలగు పరిస్థితులన్నిటిని కలిపి చూచి నిర్ణయింపవలెనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. కావున లంకలోని ధాన్యపు మిల్లు, కొబ్బరిపీచు కర్మాగారము, గిడ్డంగి, నివాసగృహము అమ్మకమునకు వచ్చినపుడు, దానితో చేరియున్న తోటకూడ అమ్మకములో ఉన్నదా, ఉన్నచో ఆ భాగము అమ్ముటకు బ్యాంకునకు అధికారము కలదా అని విచారింపవలెను. లేనిచో సొమ్మంతయు చెల్లించిన పిమ్మట అమ్మకము రద్దగు ప్రమాదము కలదు.

రెండవ ప్రశ్న భూమి ఎవరిది అనునది. లంక భూములన్నియు పట్టా భూములు కావు. పెక్కు లంకలు ప్రభుత్వ భూములు; రైతులకును, సంఘములకును కౌలుకు మాత్రమే ఈయబడినవి. కొన్ని పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూములు; వాని బదలాయింపును 1977 నాటి చట్టము కట్టుదిట్టము చేసినది. తాకట్టు పెట్టినవానికి ఎంత హక్కు కలదో బ్యాంకు అంతకు మించి అమ్మజాలదు. కౌలుదారుని తాకట్టు కొన్నవాడు కౌలుదారుడే అగును గాని యజమాని కానేరడు. కావున అడంగలు, 1-బి, సర్వేపటము, ముప్పది ఏండ్ల ఇ.సి., వెనుకటి దస్తావేజులు చూడవలెను. రిజిస్ట్రేషన్ చట్టము 22-ఎ సెక్షను క్రింది నిషిద్ధ భూముల జాబితాలో ఆ సర్వే నంబరు ఉన్నదేమో సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున విచారింపవలెను. సముద్రపు పోటుపాటులు తగులు పాయల ఒడ్డున తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తించును. కొన్న తరువాత క్రొత్త కట్టడము కట్టదలచువారు దీనిని ముందే తెలిసికొనవలెను.

అమ్మకమునకు 2002 నాటి నియమావళి నాలుగు పద్ధతులను చూపినది: అట్టి ఆస్తుల వ్యాపారులనుండి ధరలు తెప్పించుకొనుట, ప్రజలనుండి టెండర్లు పిలుచుట, బహిరంగ వేలము, ఉభయుల ఒప్పందము. బహిరంగ వేలములో ఎలక్ట్రానిక్ వేలము కూడ చేరియున్నది. ఇటీవలి కాలమున అదియే ఎక్కువగా వాడుకలోనికి వచ్చినది. అయినను సీలు చేసిన టెండరు పద్ధతి చట్టములో నిలిచియే యున్నది. దాని తత్త్వము తెలిసినచో తక్కిన పద్ధతులును సులభముగా బోధపడును. టెండరు లేదా వేలము అయినచో ప్రకటన రెండు ప్రముఖ పత్రికలలో, అందొకటి స్థానిక భాషలో రావలెను. మొదటి అమ్మకమైనచో ప్రకటనకును అమ్మకమునకును నడుమ కనీసము ముప్పది దినములు గడువలెను. నిర్ణీత ధర కన్న తక్కువకు అమ్మవలెనన్నచో ఋణస్థుని సమ్మతియు, బ్యాంకు సమ్మతియు రెండును అవసరము.

సొమ్ము లెక్కను ఒక ఊహాజనితమైన ఉదాహరణతో చూతము. ఒక భవనము నిర్ణీత ధర 40 లక్షల రూపాయలు, ధరావతు అందులో పదవ వంతు, అనగా 4 లక్షలు అనుకొందము. మన కవరులో 44 లక్షలు వ్రాసితిమి. అదియే హెచ్చు పాట అయినది. నాలుగవ వంతు 11 లక్షలు. ధరావతు పోను తక్కిన 7 లక్షలను ఆనాడే, లేదా మరుసటి పనిదినము ముగియులోగా చెల్లింపవలెను. మిగిలిన 33 లక్షలను అమ్మకము ఖాయపడిన పదునైదవ దినములోగా చెల్లింపవలెను. ఉభయులు వ్రాతపూర్వకముగా అంగీకరించినచో ఈ గడువును పొడిగింపవచ్చును గాని అది మూడు మాసములకు మించరాదు. తప్పినచో చెల్లించిన 11 లక్షలును పోవును. ఇట్టి జప్తు చెల్లునని సుప్రీంకోర్టు 2024లో స్పష్టపరచినది. అప్పు దొరకునను ఆశతో పాట పాడరాదు. అప్పు మంజూరైన పిదపనే కవరు సీలు చేయవలెను.

ఎంత వ్రాయవలెను అనునది అన్నిటికన్న కష్టమైన ప్రశ్న. బహిరంగ వేలములో ఇతరుల పాట వినబడును. కవరులో ఏమియు వినబడదు. ఒక ఆస్తి అసలు విలువ 40 లక్షలనుకొందము. ముగ్గురు దానిని 36, 41, 47 లక్షలుగా అంచనా వేసి అట్లే వ్రాసినచో గెలుచునది 47 వ్రాసినవాడు. అనగా అందరికన్న ఎక్కువ పొరబడినవాడు. మెక్సికో సింధుశాఖలోని చమురు క్షేత్రములకు సీలు టెండర్లు వేసిన కంపెనీలు ఇట్లే నష్టపడినవని 1971లో ముగ్గురు ఇంజనీర్లు వివరించిరి. దీనికి 'విజేత శాపము' అని పేరు. 1961లో విలియం విక్రీ అను ఆర్థికవేత్త ఒక విరుగుడు చూపెను: హెచ్చుగా వ్రాసినవానికే వస్తువు నిచ్చి, రెండవవాడు వ్రాసిన ధరనే అతనినుండి పుచ్చుకొన్నచో ప్రతివాడును తన నిజమైన అంచనానే వ్రాయును. ఆయనకు 1996లో నోబెల్ బహుమతి లభించినది. మన బ్యాంకుల టెండర్లలో అట్టి వెసులుబాటు లేదు, వ్రాసినదే చెల్లింపవలెను. కావున స్వయముగా విలువ కట్టించుకొని, మరమ్మతులు, బకాయిలు, వ్యాజ్యపు వ్యయము తీసివేసి, మిగిలిన అంకెకన్న కొంత తగ్గించి వ్రాయుట వివేకము. కవరులు తెరచిన పిమ్మట హాజరైనవారి నడుమ మరల పాట పెట్టు హక్కును కొన్ని ప్రకటనలు బ్యాంకునకు ఉంచును. అప్పుడును మన అంకె దాటరాదు. పంతము వలన పెరిగిన ధరను ఏ భూమియు తిరిగి ఈయదు.

బకాయిల విషయమున 'ఉన్నది ఉన్నట్లు' అను షరతు మిక్కిలి బరువైనది. పన్నులు, విద్యుత్ బకాయిలు, కౌలుదారుని హక్కులు కొనుగోలుదారుని నెత్తికెక్కవచ్చును. పాత యజమాని విద్యుత్ బకాయి చెల్లించినగాని క్రొత్త కనెక్షను ఈయమని విద్యుత్ సంస్థ తన నిబంధనల ప్రకారము కోరవచ్చునని సుప్రీంకోర్టు 2023లో తీర్పిచ్చినది. మూతబడిన మిల్లునకు ఇది చిన్న మొత్తము కాకపోవచ్చును. "కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ" అను సామెత ఇచట విపరీతార్థమున నిజమగును.

కాగితములు ముగిసిన పిమ్మట నేలను చూడవలెను. మాఘమాసమున లంకకు కారు వెళ్లును. శ్రావణమున పడవ వెళ్లును. పి.గన్నవరము మండలములోని బూరుగులంక, ఊడుమూడిలంక వంటి గ్రామములకు వరద వచ్చినంతనే తాత్కాలిక గట్టు తెగి పడవలే శరణ్యమగుట పెక్కు సంవత్సరములు జరిగినది. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహము వచ్చినది. 2022 జూలైలో 25 లక్షలు దాటినది. ఆ రెండు వరదలలో ఆ గోడపై నీరు ఎంతవరకు వచ్చినదో ఇరుగుపొరుగు వృద్ధుల నడిగినచో చెప్పగలరు. సర్వేపటములోని విస్తీర్ణమును నేటి నేలతో కొలిపించి చూడవలెను. పటమున నున్న భూమిలో కొంత నదిలో కలిసిపోయి యుండవచ్చును. బ్యాంకు పటమును చూపి అమ్మును గాని నదికి హామీ ఈయదు.

ఇంతవరకు కొనువాని క్షేమము చెప్పితిమి. పోగొట్టుకొనువాని మాట కూడ న్యాయముగా తలచవలెను. 2016 సవరణ ప్రకారము అమ్మకపు ప్రకటన వెలువడులోగా మొత్తము బాకీ చెల్లించినచో ఆస్తిని విడిపించుకొనవచ్చును. నోటీసు వచ్చినంతనే కదలవలెను గాని ప్రకటనకై వేచియుండరాదు. చదువుకొన్న బిడ్డ ఉన్న ఇంట ఆ మొదటి నోటీసును బీరువాలో దాచరాదు. చదివి, గడువు లెక్కించి, పెద్దలకు విప్పి చెప్పవలెను. అమ్మకపు సొమ్ములో బాకీ, ఖర్చులు పోగా మిగిలినది హక్కుదారునకే చెందును; చాలనిచో లోటునకు అతడే బాధ్యుడు. పాటదారులు లోపాయికారిగా కూడబలుకుకొని ధర పడగొట్టినచో నష్టపోవునది బ్యాంకు మాత్రమే కాదు, ఆ కుటుంబము కూడ. సరియైన ధర వ్రాయుట కొనువానికి ధర్మము.

మన కమిటీ వంటి సంస్థలు వసతిగృహమునకో, తరగతి గదులకో అట్టి భవనమును కోరినపుడు ఒక మాట జ్ఞప్తియందుంచుకొనవలెను. బ్యాంకు గడువు కమిటీ సమావేశము కొరకు ఆగదు. కొనుగోలునకు తీర్మానము, గరిష్ఠ ధర, సంతకము చేయు వ్యక్తి, నిధి అను నాలుగును టెండరునకు ముందే స్థిరపడవలెను. న్యాయవాది అభిప్రాయమును వ్రాతలో తీసికొనవలెను. సొమ్మంతయు చెల్లిన పిమ్మట అధీకృత అధికారి ఇచ్చు అమ్మకపు సర్టిఫికెట్టే హక్కు పత్రము. అది సంస్థ పేరున ఉన్నదో లేదో సరిచూచుకొనవలెను. ఈ జాగ్రత్తలన్నియు తీసికొన్న పిదప కూడ ఆస్తి నచ్చనిచో కవరు వేయకుండుట మేలు. వేయని కవరునకు ధరావతు లేదు, జప్తు లేదు.