మూత తియ్యకండర్రా!

అమెరికాలో మే నెలాఖరున మెమోరియల్ డే వచ్చిందంటే చాలు, పెరట్లో గ్రిల్లు మీది ముసుగు తీసేస్తారర్రా. ఇక ఎండాకాలం పోయేదాకా ఏ వీధిలో నడిచినా పొగ వాసనే. ఆ పొగలో వండేవాటిలో బాగా ఓపిక కావాల్సినవి పంది పక్కటెముకలు. అక్కడ రిబ్స్ అంటారు. కోడికాళ్ళు ముప్పావుగంటలో అయిపోతాయి, వీటికి ఆరు గంటలు పడుతుంది! ఎందుకో చెప్తాను, ఇలా దగ్గరికి జరగండి.

ఊపిరి పీల్చినప్పుడల్లా కదిలే చోటు కదా అది. రాత్రీ పగలూ పనే. అందుకే అక్కడి కండలో కొల్లాజెన్ అనే గట్టి పీచు ఎక్కువ. పెద్ద మంట మీద గబగబా కాలిస్తే ఆ పీచు ముడుచుకుని కండలోని నీళ్ళన్నీ పిండేస్తుంది. ఎంత నమిలినా నలగదు. అదే 70 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఉంచామనుకోండి, పీచు పేటలు విడిపోయి జెలటిన్ అవుతుంది. మిగిలిన ముక్కల గిన్నె మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీసి చూడండి. అడుగున రసం గడ్డకట్టి, వేలితో తడితే వణుకుతుంది. నిన్న పళ్ళకి లొంగని పీచే అది!

అందుకని బొగ్గులన్నీ ఒక పక్కకి నెట్టి, రెండో పక్కన మాంసం పెట్టి మూత వేస్తారు. లోపల వేడి 107 డిగ్రీల దగ్గర ఉండాలి, వాళ్ళ ఫారెన్‌హీట్ లెక్కలో 225. అంతకుముందే ఎముకల వెనకున్న పల్చటి పొరని చెంచా కాడతో ఓ మూల లేపి లాగెయ్యాలి. వేళ్ళలోంచి జారిపోతుంది కాబట్టి పేపర్ టవల్‌తో పట్టుకోవాలి. బర్రున ఊడొస్తుంది, చూడ్డానికి భలే ఉంటుంది.

అన్నట్టు, ఆ గుండ్రటి మూత గ్రిల్లు ఎలా పుట్టిందో తెలుసా? 1952లో షికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ అనే లోహపు కార్ఖానాలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన పనిచేసేవాడు. అక్కడ నీళ్ళ మీద తేలే ఇనప బోయాలు తయారయ్యేవి. గాలికీ వానకీ ఆగే గ్రిల్లు కావాలని ఆయన ఆ బోయా గుండునే రెండు చేసి, కింది సగానికి కాళ్ళు పెట్టి, పై సగాన్ని మూత చేశాడు. ఎంత చక్కటి బుర్రో!

సరే, అసలు విచిత్రం ఇప్పుడు వస్తుంది. మాంసంలో గుచ్చిన థర్మామీటరు చకచకా 65, 70 దాకా ఎక్కి, అక్కడే ఆగిపోతుంది. నిప్పు ఆరలేదు, మూతా తియ్యలేదు. మరి వేడంతా ఏమవుతోంది? వేసవిలో మన మట్టికుండ చేసే పనే ఈ మాంసమూ చేస్తోంది. పైకి ఊరిన తడి ఆవిరవుతూ వేడిని తనతో పట్టుకుపోతోంది. గ్రాము నీటిని గడ్డకట్టే చలి నుంచి మరిగేదాకా తేవడానికి 100 కేలరీలు చాలు. ఆ మరిగే నీళ్ళని ఆవిరి చెయ్యడానికి మాత్రం ఇంకో 540 కావాలి! కొవ్వు కరగడమే దీనికి కారణమని చాలామంది అనుకునేవారు. గ్రెగ్ బ్లాండర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక తడి స్పాంజి పెట్టి చూశాడు. అందులో కొవ్వూ లేదు, పీచూ లేదు. అయినా అదీ అలాగే ఆగింది!

అందుకే మూడు, రెండు, ఒకటి అని ఒక లెక్క పెట్టుకున్నారు. మూడు గంటలు పొగలో, రెండు గంటలు అల్యూమినియం ఫాయిల్ చుట్టి, చివరి గంట విప్పి. ఫాయిల్ చుడితే తడి ఎగిరిపోదు, వేడి మళ్ళీ ఎక్కుతుంది. కాన్సాస్ సిటీ వాళ్ళు పూసే టమాటా, మొలాసిస్ సాసులో తీపి ఎక్కువ, ముందే పూస్తే మాడిపోతుంది. కాబట్టి సాసు చివర్లోనే. మెంఫిస్‌లో చాలామంది సాసు జోలికే పోరు, పొడి మసాలా రుద్ది వదిలేస్తారు. నన్నడిగితే మాంసం రుచి అందులోనే తెలుస్తుంది.

పటకారుతో ఓ చివర పట్టి ఎత్తినప్పుడు పక్కటెముకల పలక కిందికి వంగి, పైన చీలిక పడితే అయినట్టే. కోశాక అంచున గులాబీ రంగు కనిపిస్తే పచ్చిగా ఉందని కంగారు పడకండి. నిప్పులోంచి వచ్చిన నైట్రిక్ ఆక్సైడ్ కండలోని ఎర్రరంగు పదార్థాన్ని, అదే మయోగ్లోబిన్‌ని, గట్టిగా పట్టుకుంటుంది. ఆ తర్వాత ఎంత ఉడికినా ఆ రంగు పోదు.